రెండో అద్దం

అతని దగ్గర నలభైకి పైగా కార్లున్నాయి. కారెక్కితే మాత్రం కడుపులో తిప్పుతుంది.

చిన్నప్పటి నుంచీ అంతే. బండి రెండు మలుపులు తిరిగేసరికి మొహం పాలిపోతుంది. మూడో మలుపుకి కిటికీ అద్దం దించమంటాడు. నాలుగో మలుపు దాకా ఎవరూ సాహసించరు, బండి ఆపేస్తారు. పెళ్ళయిన కొత్తలో బంధువులింట్లో పెళ్ళికి వెళ్తూ అతని కోసం దారి పొడవునా ఆగుతూ పోతుంటే, "మనం పెళ్ళికి వెళ్తున్నామా, బావని ఆస్పత్రికి తీసుకెళ్తున్నామా?" అని భార్య తమ్ముడు అడిగిన మాట ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ తమ్ముడిప్పుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనిలో ఉన్నాడు. తను నేర్పలేని మనిషంటూ ఉంటే అది ఒక్క బావేనని కొత్తగా చేరినవాళ్ళకి ధైర్యం చెబుతుంటాడు.

అతను పనిచేసేది పళ్ళ ల్యాబులో. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపుతారు. వాటిని బట్టి క్యాపులు, కట్టుడు పళ్ళు తయారుచేసి తిరిగి పంపడం అతని పని. ఊళ్ళో ఎంతమంది నవ్వులో అతని పనితనం ఉందో లెక్కలేదు. ఆ మనుషుల్లో ఒక్కరి మొహం కూడా అతను చూసి ఎరగడు. బల్ల మీద దీపం, కంటికి భూతద్దం, చేతిలో సన్నటి చాకు, ఎదురుగా పాలరంగు పన్ను. పన్ను వెంట్రుకవాసి ఎత్తున్నా పెట్టుకున్నవాళ్ళకి దవడ లాగేస్తుంది. అందుకని ప్రతి పన్నునూ అన్ని వైపులా తిప్పి చూస్తే గానీ బయటికి పంపడు.

కార్ల పిచ్చి మొదటి జీతంతో మొదలైంది. నిజం కార్లు కావు, స్కేల్ మోడళ్ళు. అసలు కారులో పద్దెనిమిదో వంతు ఉండి, తలుపులు తెరుచుకుంటూ, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగే బుల్లి కార్లు. అందులోనూ అతనికి లిమిటెడ్ ఎడిషన్లే కావాలి. అంటే కంపెనీవాళ్ళు కొన్ని వందలు మాత్రం చేసి ఆపేస్తారు, ప్రతిదాని అడుగునా ఒక నంబరు వేస్తారు. ఆ నంబరున్న కారు ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. పెట్టె మూత అంచున గుండ్రటి పారదర్శకమైన స్టిక్కరు ఉంటుంది. అదే సీలు. సీలు తీయని పెట్టెకున్న గౌరవం తీసినదానికి ఉండదని ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఒప్పుకుంటారు. అతను మాత్రం దాన్ని ఒక నియమంగా పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క సీలూ తీయలేదు. పెట్టెకి ముందువైపున్న ప్లాస్టిక్ కిటికీలోంచి చూసి తృప్తిపడతాడు.

బజార్లో కళ్ళద్దాల కొట్టు నడిపే పెద్దాయనది ఇంకో దారి. ఆయనకీ ఇదే పిచ్చి, కానీ కొన్న రోజే పెట్టె చించి పారేసి, కార్లని కళ్ళజోళ్ళ ఫ్రేముల మధ్య వరసగా పెట్టుకుంటాడు. అతనికి 'సీలు' అని పేరు పెట్టింది ఆయనే.

"ఏమయ్యా సీలూ, నీ అట్టపెట్టెలు ఎలా ఉన్నాయి?" అంటాడాయన, అతను కొట్టు మెట్లెక్కగానే.

"బాగున్నాయి అన్నా. నీ ఆటబొమ్మలు ఎలా ఉన్నాయి?"

"ఆటబొమ్మలేనయ్యా. ఆడుకోడానికే కొన్నాను. నువ్వు పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు కిటికీలోంచి చూస్తావు, అంతే."

"నాకది చాలు."

అతని కార్లన్నింటిలోకీ గొప్పది ముదురాకుపచ్చ రంగు కారు. రెండు తలుపులు, కప్ప కళ్ళలాంటి దీపాలు, వెనక భాగం కొబ్బరిబోండాంలా గుండ్రంగా. ఆ రంగులో చేసినవి చాలా తక్కువ. అటువంటిది పెద్దాయనకు ఒకటీ తనకు ఒకటీ దొరికినప్పుడు ఇద్దరూ ఆ సాయంత్రం కొట్లో కూర్చుని ఏదో బారసాల అయినట్టు టీలు తెప్పించుకుని తాగారు.

తర్వాత పాప పుట్టింది.

పాప పాకడం మొదలెట్టిన రోజు నుంచీ అతనికి ఇల్లు ఇల్లులా కనపడటం మానేసింది. ఎటు చూసినా గొంతుకి అడ్డంపడే వస్తువులే. కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీరంగు ప్లాస్టిక్‌తో ల్యాబులో ఒక పొట్టి గొట్టం చేసుకొచ్చాడు. దాని లోపలి వెడల్పు పసిపిల్లల గొంతంత. పాపకు అందే ఎత్తులో ఉన్న ప్రతి వస్తువునూ అందులో వేసి చూస్తాడు. పట్టిందా, అటక మీదికి. బొత్తాలు, నాణేలు, పెన్ను మూతలు, రిమోట్‌లో బ్యాటరీలు అన్నీ అటకెక్కాయి.

"పొద్దున్నే పనికి పోవాలంటే నిచ్చెనేసుకుని చెవి కమ్మలు వెతుక్కోవాల్సి వస్తోంది," అనేది భార్య. ఆమె పాల డెయిరీలో పరీక్షల గదిలో పనిచేస్తుంది. "ఆ గొట్టంలో నేను పట్టనని బతికిపోయాను."

"నీ ముక్కుపుడక కూడా..."

"దాని జోలికొస్తే ఊరుకోను."

అన్నీ గొట్టంలో వేసి చూసినవాడు కార్లను చూడలేదు. ఒక్కో కారూ మూరెడు పెట్టెలో, సీలు కింద, తాళం వేసిన బీరువాలో ఉంది. ఇక భయమెక్కడిది అనుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున బీరువా దుమ్ము దులుపుతున్నాడు. పెట్టెలన్నీ మంచం మీద పేర్చాడు. ఆకుపచ్చ కారు పెట్టెను మాత్రం ఆఖర్న తీరిగ్గా తుడుద్దామని కిటికీ పక్కన పొట్టి స్టూలు మీద పెట్టాడు. భార్య డాబా మీద బట్టలారేస్తోంది. రెండు రోజులుగా జలుబుతో ముక్కు కారుతున్న పాప ముందుగదిలో గిన్నెల మీద గరిటెతో వాయించుకుంటోంది. ఇంతలో ఫోన్ మోగింది. ఒక పళ్ళ డాక్టరు. రేపటి పేషెంటుకి పంపిన క్యాపు సరిగ్గా కూర్చోవడం లేదట. గదిలో మాట తెగిపోతుంటే అతను బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడాడు. తప్పు అచ్చులో ఉందా, క్యాపులో ఉందా అని ఇద్దరూ మర్యాదగా దెబ్బలాడుకున్నారు.

తిరిగొచ్చేసరికి గరిటె చప్పుడు లేదు.

పాప గదిలో నేల మీద కూర్చుని ఉంది. పెట్టె మూత ఒక మూల, లోపలి తెల్లటి ప్లాస్టిక్ తొడుగు ఇంకో మూల. ఒళ్ళో ఆకుపచ్చ కారు. గడ్డం మీద చొంగ, పెదవికి అంటుకున్న అట్టముక్క. తండ్రిని చూసి కారును రెండు చేతులా ఎత్తి చూపించింది.

కారు పోయిందన్న బాధ అతని మనసులోకి రాబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే కారుకి ఇటువైపు తలుపు మీద బియ్యపుగింజంత వెండిరంగు పక్క అద్దం ఉంది. అటువైపు తలుపు మీద లేదు.

పాప దగ్గింది.

నోట్లో వేలు పెట్టి వెతక్కూడదని అతనికి తెలుసు, చదివాడు. వెతికితే ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. పాపను ఎత్తుకుని వెలుగులో నోరు తెరిపించి చూశాడు. ఆరు పళ్ళు, నాలుక, ఎర్రటి గొంతు. ఏమీ లేదు. డాబా మెట్ల వైపు తిరిగి భార్యను పిలిచాడు. ఆ పిలుపు విని ఆమె తడి దుప్పటి చేతిలో ఉండగానే దిగొచ్చింది.

"ఏమైంది?"

"కారు అద్దం ఒకటి లేదు. మింగిందో, పీల్చిందో..."

"ఇక్కడే ఎక్కడో పడుంటుంది. చూడండి ముందు."

మంచం కింద చూశారు. టార్చి వేసి బీరువా కింద చూశారు. పాప గౌను దులిపారు. చీపురుతో గదంతా ఊడ్చి, ఆ చెత్తను కాగితం మీద పోసి వేళ్ళతో పిసికి చూశారు. దుమ్ము, వెంట్రుకలు, పాత బిస్కెట్ పొడి. అద్దం లేదు. ఈలోపు పాప మళ్ళీ దగ్గింది. ఆ దగ్గు నిన్నటి దగ్గేనా, కొత్తదా? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భార్య తమ్ముడికి ఫోన్ చేసింది.

డ్రైవింగ్ స్కూలు కారొచ్చింది. నెత్తిన పసుపు బోర్డు, వెనక ఎర్రటి 'ఎల్' అక్షరం, పక్కసీట్లో కూర్చునే మాస్టారు కోసం కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. ఆ కారుకి మామూలు కార్లకన్నా అద్దాలు ఎక్కువ. డ్రైవరుకి మూడు, మాస్టారుకి రెండు. ఎల్ అక్షరం చూసి రోడ్డు మీద జనం భయపడి పక్కకి తప్పుకున్నారు. బావమరిది ఒక్క జోకూ వేయకుండా నడిపాడు. ఎన్ని మలుపులు తిరిగారో అతనికి తెలియదు. పాప వీపు మీద చెయ్యి వేసి ఊపిరిని వింటూ కూర్చున్నాడు.

పిల్లల ఆస్పత్రి గోడల నిండా రంగురంగుల చేపలు. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. స్టెతస్కోపును అరచేతిలో వేడి చేసుకుని పాప వీపు మీద పెట్టింది. చాలాసేపు విన్నది. ఎక్స్‌రే తీయించి దీపం ముందు పెట్టి చూసింది.

"ఇందులో ఏమీ కనపడటం లేదు. కానీ ప్లాస్టిక్ ముక్కలు ఎక్స్‌రేలో కనపడవు. ఆ అద్దం దేంతో చేస్తారు?"

"ప్లాస్టికేనండీ. పైన వెండిరంగు పూత."

"ఛాతీలో పిల్లికూతలా కొంచెం వినిపిస్తోంది. జలుబుకి కూడా అలా ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లోకి ముక్క పోయినా ఉండొచ్చు. పోయి ఉంటే ఊరుకోవడానికి లేదు. మత్తిచ్చి, సన్నగొట్టం పంపించి, చూసి తీయాలి." ఆమె కలం పక్కన పెట్టి అతని వైపు సూటిగా చూసింది. "ఇప్పుడు మీరు చెప్పేదాన్ని బట్టే నేను నిర్ణయం తీసుకోవాలి. రెండో అద్దం దానికి ఉండటం మీరు చూశారా? లేకపోతే ఉందనుకుంటున్నారా?"

"చూశానండీ," అన్నాడు అతను. "ఆ కారు గురించి నాకు తెలియనిది లేదు."

"సరే. అయితే ఒక పని చేయండి. ఇంకో వైపు అద్దం ఉంది కదా, ఆ కారు తెప్పించండి. ముక్క ఎంతుందో, ఏ ఆకారంలో ఉందో తెలిస్తే దేంతో పట్టుకోవాలో మాకు తెలుస్తుంది. ఈలోపు పాపకు ఏమీ పెట్టకండి. పాలు, నీళ్ళు కూడా వద్దు."

బావమరిది కారు తేవడానికి పరిగెత్తాడు.

వరండాలో ఒకదానికొకటి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు. పాప కాసేపు గోడమీద చేపల్ని వేలితో పొడిచింది. తర్వాత ఆకలేసి అమ్మ చేతిసంచీ వైపు చెయ్యి చాపింది. అందులో పాలసీసా ఉందని పాపకు తెలుసు. ఇవ్వకపోతే మొదట నవ్వింది, ఆటేమోనని. తర్వాత ఏడ్చింది. భార్య పాపను భుజాన వేసుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది. ఏడిస్తే దగ్గు, దగ్గితే ఏడుపు.

"తాళం వెయ్యాల్సింది," అంది ఆమె అతని ముందు నుంచి వెళ్తూ. మళ్ళీ తిరిగొచ్చేటప్పుడు, "నేను పాపను డాబా మీదికి తీసుకెళ్ళాల్సింది," అంది. మూడోసారి అతని పక్కన కూర్చుని భుజం ఆనించింది.

బావమరిది కారును చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. గాజువస్తువులా పట్టుకొచ్చాడు.

"బావా, జాగ్రత్తగానే తెచ్చాను. దీనికేమీ కాలేదు."

అతను రుమాలు విప్పాడు. ఏళ్ళ తరబడి కిటికీలోంచి మాత్రమే చూసిన కారు మొదటిసారి అతని చేతిలో ఉంది. బరువుగా, చల్లగా ఉంది. అద్దాన్ని బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మైనంలోంచి పన్ను తీసేటప్పుడు తిప్పినట్టు కాస్త పక్కకి తిప్పి లాగాడు. టిక్కుమని ఊడొచ్చింది. బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

అద్దం కింద సన్నటి మేకులాంటి కాడ ఉంది. కాడతో సహా వచ్చింది. తలుపు మీద, అద్దం ఉన్నచోట, గుండుసూది తలంత బెజ్జం మిగిలింది. బెజ్జం చుట్టూ ఎండిన జిగురు.

అద్దాన్ని భార్య చేతిలో పెట్టి అతను లేచాడు. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. అటువైపు అద్దం కాడతో సహా ఊడిందా, కాడ బెజ్జంలోనే విరిగి ఉండిపోయిందా? కాడ వాడిగా ఉంది, అది లోపలికి పోయిందీ లేనిదీ డాక్టరమ్మకి చెప్పాలి. కారును అటు తిప్పాడు.

బెజ్జం లేదు.

గోటితో తడిమాడు. నున్నగా ఉంది. వరండా చివర కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూశాడు, పన్ను మీద బీట ఉందా లేదా అని చూసినట్టు. ముదురాకుపచ్చ రంగు తలుపు అంచు నుంచి అంచు దాకా చెక్కుచెదరకుండా ఉంది. జిగురు మరక లేదు, గీత లేదు. విరిగితే విరిగినచోటు ఉండాలి. ఊడితే ఊడినచోటు ఉండాలి. ఇక్కడ ఏదీ ఊడలేదు. ఊడటానికి ఇక్కడ ఎప్పుడూ ఏదీ లేదు.

"ఇటు రా," అన్నాడు భార్యతో. "నువ్వు చూడు. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

ఆమె పాపను భుజం మార్చుకుని చూసింది. బెజ్జం ఉన్న తలుపు చూసింది, లేని తలుపు చూసింది. రెండోదాని మీద వేలు పెట్టి రుద్దింది.

"ఇక్కడేం లేదండీ."

"లేదు కదా."

"అసలు ఎప్పుడూ లేదు."

బావమరిది కూడా వంగి చూశాడు. "బావా, మరి డాక్టరుగారితో చూశానన్నావు?"

అతను కారును మళ్ళీ డ్రైవరు వైపుకి తిప్పాడు. కళ్ళ ముందు ఆ పెట్టె కనపడుతోంది. కిటికీ ఒకే వైపు. అటుపక్కంతా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు. పెట్టె మీది బొమ్మలోనూ, పెద్దాయన కొట్టు అరలోనూ కారు కనపడేది డ్రైవరు వైపు నుంచే. ఇన్నేళ్ళూ చూసింది సగం కారే. రెండో సగాన్ని తనే మనసులో తయారుచేసుకుని, దానికి ఒక అద్దం కూడా తగిలించుకున్నాడు.

కళ్ళద్దాల పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"అన్నా, మన ఆకుపచ్చ కారు నీ ఎదురుగా ఉందా?"

"ఎక్కడికి పోతుంది. చదువుకునే కళ్ళజోళ్ళ పక్కనే ఉంది."

"దానికి అద్దాలెన్ని? పక్క అద్దాలు."

"ఒకటి."

"సరిగ్గా చూసి చెప్పన్నా. నీది ఊడిపోయి ఉండొచ్చు."

"నాదెందుకు ఊడుతుందయ్యా. అసలు కారు బయటికొచ్చిన మొదటి ఏడాది బండి అది. ఆ ఏడాది డ్రైవరు వైపొక్కటే ఇచ్చేవాళ్ళు. రెండోది తర్వాతి బండ్లకొచ్చింది. మోడల్ చేసినవాళ్ళు అదే ఉన్నదున్నట్టు చేశారు, అందుకే కదా నేను అంత ఎగబడి కొన్నది." అంతలోనే ఆయనకి ఏదో తట్టినట్టుంది. "ఆగాగు. అటువైపు సంగతి నీకెలా తెలిసింది? సీలు తీశావా?"

"పాప తీసింది."

"బంగారు తల్లి," అన్నాడు పెద్దాయన మనసారా. "నేను ఇన్నేళ్ళు చెప్పినా తీయనిది..."

"అన్నా, మేం ఆస్పత్రిలో ఉన్నాం. ఆ రెండో అద్దం పాప మింగిందనుకుని తెచ్చాం. రెండు పక్కలా ఫొటో తీసి ఇప్పుడే పంపు."

ఫోన్ పెట్టేసిన నిమిషంలోపే ఫొటోలు వచ్చాయి. రెండు కాదు, పై నుంచి, కింద నుంచి, ముందు నుంచి, వెనక నుంచి, తలుపులు తీసి, వేసి. ఒకదాంట్లో ఆయన బొటనవేలు కూడా ఉంది.

డాక్టరమ్మ బెజ్జం ఉన్న తలుపునూ లేని తలుపునూ మార్చి మార్చి చూసింది. ఫోన్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూసింది. ఊడదీసిన అద్దాన్ని వేలి కొన మీద పెట్టుకుని చూసి తిరిగిచ్చింది.

"చూశానన్నారు మీరు."

"అనుకున్నానండీ. అనుకున్నదాన్ని చూశానన్నాను."

ఆమె మందలించలేదు. "కంగారులో అందరూ అలాగే అంటారు. నా చిన్నోడు గోలీ మింగాడని నేనూ ఒకసారి ప్రమాణం చేసి చెప్పాను. అది నా చెప్పులో దొరికింది." పాపకు ఆవిరి మందు పట్టించి కాసేపాగి మళ్ళీ వింటానంది.

ఏనుగు తొండం బొమ్మ ఉన్న మాస్కులోంచి పొగలా మందొస్తుంటే పాప మొదట గింజుకుంది, తర్వాత ఆ పొగను పట్టుకోబోయింది. డాక్టరమ్మ మళ్ళీ వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. ఒక పక్క, రెండో పక్క, మళ్ళీ మొదటి పక్క. అతనూ భార్యా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"రెండు వైపులా సమానంగా గాలి వెళ్తోంది. ఆ కూత కూడా తగ్గింది. ఇది జలుబే." ఆమె చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. "గొట్టం అక్కర్లేదు. జ్వరమొచ్చినా, ఆయాసపడినా వెంటనే తీసుకురండి. రాదు, కానీ చెప్పడం నా పని. పాలు పట్టండి ఇక, పాపం."

వరండాలో పాలసీసా పాప నోటికి అందించాక మింగుతున్న గుటకల చప్పుడు తప్ప ముగ్గురికీ ఇంకేమీ వినపడలేదు. గుటక గుటకకీ ఆ చిన్న గొంతు కదలడం అతను చూస్తూ కూర్చున్నాడు. సీసా ఖాళీ అయ్యింది. పాప గట్టిగా త్రేన్చింది. భార్య నవ్వడం మొదలెట్టి, నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అతను కుర్చీలోంచి లేవడానికి బావమరిది చెయ్యి అందించాల్సి వచ్చింది.

"లే బావా. లేని అద్దం కోసం ఇంటిల్లిపాదినీ ఊరంతా పరిగెత్తించావు. గొప్పవాడివి."

"ఒరేయ్, ఊరుకో," అంది అక్క.

"ఊరుకోనక్కా. పొద్దుటి నుంచీ ఊరుకునే ఉన్నాను, కడుపు ఉబ్బిపోతోంది. ఆ డాక్టరమ్మ ముందు 'తెలియనిది లేదు' అన్నాడు చూడు. నేను నమ్మేశాను. నాకైతే ఆ కారుకి ఇంకో రెండు అద్దాలున్నా ఉన్నాయేమోననిపించింది."

"నీ స్కూలు కారుకున్నాయిగా అయిదు," అన్నాడు అతను. పొద్దుటి నుంచి అతని నోటి నుంచి వచ్చిన మొదటి మామూలు మాట అది.

తిరుగు ప్రయాణంలో భార్య, పాప వెనక కూర్చున్నారు. అతను ముందు, మాస్టారు కూర్చునే సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో రుమాలు, రుమాల్లో ఆకుపచ్చ కారు. దాని డ్రైవరు వైపు తలుపుకి ఇప్పుడు బెజ్జమే మిగిలింది.

"అద్దం నా దగ్గరే ఉంది," అంది భార్య వెనక నుంచి. "పారేయమంటారా?"

"వద్దొద్దు. రేపు ల్యాబులో అతికిస్తాను."

"దేంతో?"

"క్యాపులు అతికించేదాంతో. మనిషి ఇరవయ్యేళ్ళు నమిలినా ఊడదు."

"అయితే సరే." ఆమె పాపను ఒళ్ళో సర్దుకుని అడిగింది, "మిగతావాటి సంగతేంటి?"

"మిగతావి?"

"నలభై పెట్టెలున్నాయి కదండీ బీరువాలో. వాటికి అటువైపు ఏముందో ఏం లేదో మీకు తెలుసా?"

అతను ఆలోచించాడు. ఎర్ర రేసు కారు వెనక రెక్క, పాత అంబులెన్స్ కారు మీది నీలం దీపం, లారీకి కట్టిన బుల్లి తాడు. అన్నీ మనసులో ఉన్నాయి. చూసినవేవో, మనసు తగిలించినవేవో ఇప్పుడు విడదీసి చెప్పలేడు.

"తెలీదు," అన్నాడు.

"తెలియాలి కదా. రేపు పాప ఇంకో పెట్టె లాగితే మళ్ళీ ఇదే పరుగా?"

"తీస్తాను. వచ్చే ఆదివారం అన్నీ తీసి, అన్ని వైపులా చూస్తాను. ఊడే ముక్క ఏదున్నా గొట్టంలో వేసి..."

"గొట్టంలో వేసి, అటక మీదికి," అంది భార్య. "మీ కార్లు ఇప్పటికి నా చెవి కమ్మల గతికొచ్చాయి."

"సీలు తీస్తావా బావా? నిజంగా?" బావమరిది అద్దంలోంచి అతన్ని చూశాడు, మాస్టారు కోసం పెట్టిన రెండు అద్దాల్లో ఒకదాంట్లోంచి. "ఆ కళ్ళద్దాల పెద్దాయన్ని పిలు. ఆయన కత్తెర తీసుకుని వస్తాడు. నేను మిఠాయి తెస్తాను."

పాప వెనకసీట్లో ఒకసారి దగ్గింది. తడి దగ్గు, మామూలు జలుబు దగ్గు. ఎవరూ మొహాలు చూసుకోలేదు. భార్య పాప ముక్కు తుడిచి, "చీదమ్మా, చీదు," అంది. పాప చీదకుండా పీల్చుకుంది.

కారు పెట్రోల్ బంకు దగ్గర ఎడమకి తిరిగింది. తర్వాత వంతెన కింద నుంచి కుడికి. అతను కిటికీలోంచి చూస్తూ, పాప ఊపిరిని లెక్కపెట్టడం మానేసి ఎంతసేపయిందో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. సీటుకు తల ఆనించాడు. దర్జీ కొట్ల సందులోకి మూడో మలుపు తిరిగింది. పొద్దున కూడా ఈ మలుపులన్నీ ఉన్నాయి కదా, అప్పుడేం కాలేదే అని ఆశ్చర్యపోతుండగానే కడుపులో మెల్లగా, ఎంతో పాత నేస్తంలా, తిప్పడం మొదలైంది.

"ఒరేయ్," అన్నాడు.

"ఏంటి బావా?"

అతను కిటికీ అద్దం దించాడు. చాల్లేదు. కాళ్ళ దగ్గర మాస్టారు బ్రేకు ఉంది. దాన్ని రెండు పాదాలతో తొక్కాడు. కారు నడిరోడ్డు మీద చప్పున ఆగింది. వెనకొస్తున్న స్కూటరతను ఎల్ అక్షరం చూసి, తిట్టబోయి మానుకుని, పక్క నుంచి జాలిగా చూస్తూ పోయాడు.

తలుపు తీసుకుని అతను రోడ్డు పక్కకి వంగాడు. ఆకుపచ్చ కారును మాత్రం ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. వెనకసీట్లో భార్య పగలబడి నవ్వుతోంది. అమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియక పాప కూడా ఆరు పళ్ళూ బయటపెట్టి నవ్వింది.

"హమ్మయ్య," అన్నాడు బావమరిది, స్టీరింగు వదిలి ఒళ్ళు విరుచుకుంటూ. "ఇప్పుడు మా బావ బాగున్నాడు."